గుప్పెడు రాయి మీద వాదర

గెడ్డం గీసే కత్తికి పదును పెట్టే రాయి అరచేతిలో ఇమిడిపోతుంది. మా ఇంట్లో ఉన్నది రెండు వేళ్ళ వెడల్పు, జానెడుకు తక్కువ పొడవు. నల్లగా ఉంటుంది, ఒక పక్కన సన్నటి బూడిద రంగు జీర. మార్కాపురం పలక గనుల ముక్క అది. పిల్లలు అఆలు దిద్దే పలకలు ఏ నేల నుంచి వచ్చాయో ఇదీ అక్కడిదే. పలకలు చీల్చేటప్పుడు రేకులుగా విడిపోకుండా మందంగా మిగిలిపోయిన తునకలను అక్కడ పనికిరానివని కుప్పపోసేవాళ్ళంట. మా తాత ఒక పెళ్ళి మేళానికి ఆ వైపు పోయి, సన్నాయి చంకన పెట్టుకుని ఆ కుప్పలన్నీ తిరిగి, నాలుగు ముక్కలు ఏరుకొచ్చాడు. ఒకటి తను ఉంచుకున్నాడు, మిగతావి అన్నదమ్ములకు పంచాడు. మాది నాయీ బ్రాహ్మణ కుటుంబం. సన్నాయి, కత్తి, రాయి మా ఇంట్లో ఒకే గూట్లో ఉండేవి.

నెల్లూరు జిల్లా అల్లూరు దగ్గర, ఇస్కపల్లి ఉప్పు మడులకు పడమటగా మా ఊరు. మా నాయన కాలానికి అక్కడ కుర్చీలూ అద్దాలూ ఉన్న కొట్టు లేదు. పొది చంకన పెట్టుకుని ఇంటింటికీ పోవడమే. పొదిలో కత్తులు, కత్తెర, దువ్వెన, గోరుగల్లు, తోలుపట్టీ, పటిక ముక్క, ఇత్తడి గిన్నె, ఒక చిన్న అద్దం, అన్నిటికీ అడుగున పాత పంచె గుడ్డలో చుట్టిన ఈ రాయి. డబ్బు చేతికి వచ్చేది తక్కువ. మాఘ ఫాల్గుణాల్లో మొలగొలుకుల పంట కళ్ళానికి చేరినప్పుడు రైతు మాకు రావలసిన మేర గింజలు కొలిచి పోసేవాడు. మా జిల్లాలో పుట్టి అంటే 850 కిలోల లెక్క. పుట్లు పండించిన రైతు మాకు కుంచాలతో కొలిచినా, ఏడాది పొడవునా ఆ ఇంట్లో గెడ్డాలు, తలలు, పుట్టు వెంట్రుకలు, చావు క్షౌరాలు అన్నీ మావే. అంతమందికి సరిపడా వాదర ఈ గుప్పెడు రాతి మీదే పుట్టాలి.

ఈ పనిని చూసినవాళ్ళు గీయడమే మా విద్య అనుకుంటారు. నా దృష్టిలో గీయడం సగం కూడా కాదు. మనిషి ముఖం దగ్గర కూచునే సరికే పని చాలా మటుకు అయిపోయి ఉండాలి, పొద్దున్నే ఇంటి అరుగు మీద, రాయీ నీళ్ళూ పెట్టుకుని.

కత్తిని రాతి మీద పూర్తిగా పడుకోబెట్టాలి. వెన్ను, వాదర రెండూ ఒకేసారి రాతిని తాకాలి. కూరగాయల కత్తికి నూరేవాడే వాలు చూసుకుని పట్టుకోవాలి. గెడ్డం కత్తికి ఆ అవసరం లేదు, వాలు దాని వెన్నులోనే ఉంది. వెన్ను మందం 5 మిల్లీమీటర్లు, వెన్ను నుంచి వాదర దాకా వెడల్పు 18 మిల్లీమీటర్లు ఉన్న కత్తికి వాదర దగ్గర సుమారు 16 డిగ్రీల కోణం వస్తుంది. ఏళ్ళ తరబడి నూరుతూ పోతే వాదరతో పాటు వెన్ను కూడా అరుగుతుంది కాబట్టి ఆ కోణం పెద్దగా మారదు. ఈ కత్తిని మొదట ఎవరు చేశారో గానీ, నూరే పద్ధతిని కత్తిలోనే దాచిపెట్టి పోయారు.

రాయి చిన్నదైతే కష్టం కదా అని అడుగుతారు. కత్తి వాదర 7 సెంటీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది, మా రాయి వెడల్పు అందులో సగం. ఒక్క లాగులో వాదర మొత్తం రాతి మీద పరుచుకోదు. అందుకే ఏటవాలుగా లాగుతాం. పిడి వైపు వాదర రాతి మీద మొదలవుతుంది, కత్తి ముందుకు పోతూ పక్కకు జరుగుతుంది, రాయి అయిపోయే సరికి మొన దగ్గరికి చేరుతుంది. వాదర ముందు, వెన్ను వెనక. చివర్లో కత్తిని వెన్ను మీద తిప్పి అదే దారిన వెనక్కి తేవాలి. వాదర మీద తిప్పామా, అప్పటిదాకా చేసిందంతా పోయినట్టే. ఈ ఏటవాలు లాగుడు చిన్న రాయితోనే బాగా కుదురుతుంది. సూటిగా ఉన్న కత్తి నా చేతికి తగిలింది తక్కువ. చాలా వాటిలో వాదర కంటికి ఆనని వంపు తిరిగి ఉంటుంది. వెడల్పాటి రాయి మీద పెడితే ఎత్తు ఉన్నచోట అరుగుతుంది, పల్లం ఉన్నచోట అసలు తాకదు. సన్న రాయి ఏ క్షణాన చూసినా వాదరలో కొంచెం మేరనే తాకుతుంది కాబట్టి వంపు వెంబడి పోగలుగుతుంది. పెద్ద రాయి కొనమని సలహా ఇచ్చినవాళ్ళకు నేనెప్పుడూ ఇదే చెప్పాను.

రాయిని నేల మీద పెట్టి నూరేవాళ్ళున్నారు. మా నాయన ఎడమ చేతిలో పట్టుకునేవాడు. వేళ్ళు రాయి పైకి రాకూడదు, కిందనే ఉండాలి. రాయి చేతిలో ఉంటే కుడి చెయ్యి ఏమాత్రం ఎక్కువ మోపినా ఎడమ చేతికి వెంటనే తెలుస్తుంది. నేల అలా చెప్పదు. నేను చిన్నప్పుడు ఎడమ చేతిలో రాయి బరువెక్కిందని అంటే ఆయన నవ్వేవాడు. "రాయి యాడన్నా బరువెక్కుద్దా? నువ్వు నొక్కుతుండావు. నొక్కబాక అబ్బయా, బరువు తీసెయ్. కోసేది రాయి, నువ్వు కాదు."

నీళ్ళ సంగతి మా తీరంలో ప్రత్యేకం. బావుల్లో చాలా వాటి నీళ్ళు ఉప్పన. ఉప్పు నీళ్ళతో నూరిన కత్తిని ఎంత తుడిచినా సాయంత్రానికి వాదర మీద ఎర్రటి చుక్కలు పడతాయి. ఇసుక దిబ్బల పక్కన తవ్విన చెలమల్లో తీపి నీళ్ళు ఊరతాయి. మా అమ్మ వంటకు తెచ్చుకున్న ఆ నీళ్ళలోంచి ఒక చెంబు రాతి కోసం పక్కన పెట్టేది. ఉమ్మి వేసి నూరేవాళ్ళను చూశాను, మా ఇంట్లో అది తప్పు.

ముందు తడి రాతి మీద అదే రాతి నుంచి విరిగిన చిన్న తునక పెట్టి గంధం తీసినట్టు తిప్పితే నల్లటి బురద వస్తుంది. పలక రాతిలో సన్నటి పలుగు రేణువులు మెత్తటి మట్టి, అభ్రకం పొరల్లో ఇమిడి ఉంటాయి. కోసేవి ఆ రేణువులే. బురద చిక్కగా ఉన్నప్పుడు ఇనుము తొందరగా అరుగుతుంది, కానీ ఆ బురదలోని రేణువులే వాదరకు ఎదురు తగిలి దాన్ని కొంచెం మొద్దు చేస్తాయి. కాబట్టి ఒక్కో చుక్క నీళ్ళు వేస్తూ బురదను పలచన చేసుకుంటూ పోవాలి. నీళ్ళు పెరిగే కొద్దీ చేతి బరువు తగ్గాలి. మొదట చెయ్యి బరువు, తర్వాత వేళ్ళ బరువు, ఆఖరికి కత్తి తన బరువుతోనే పోవాలి. ఆ దశలో రాతి మీద తేట నీళ్ళు తప్ప మరేమీ ఉండకూడదు. మొదట్లో గరగరమన్న చప్పుడు సన్నగిల్లిపోతుంది. కత్తి రాతికి అతుక్కుంటున్నట్టు చేతికి తగులుతుంది. ఆ అతుకు వాదర పొడవునా ఒకే రకంగా ఉంటే పని అయినట్టు. ఒకచోట జారి, ఒకచోట పట్టుకుంటే మళ్ళీ బురద దగ్గరికి పోవాలి.

తర్వాత తోలుపట్టీ. ఇక్కడ దారి తిరగబడుతుంది, వెన్ను ముందు, వాదర వెనక. తోలు ఇనుమును పెద్దగా కొయ్యదు. వాదర చివర అటూ ఇటూ వాలిన సన్నటి రేకును సరిచేస్తుంది, మెరుగు పెడుతుంది. మా నాయన గీసే ముందు మరోసారి అరచేతి మీద, ముంజేతి మీద కత్తిని అటూ ఇటూ ఆడించేవాడు. ఆ వేగం చూసి పిల్లలు నోరు తెరిచేవాళ్ళు. అది ప్రదర్శన కోసం చేసింది కాదు. చేతి చర్మానికి వాదరలో మిగిలిన గరుకు తెలిసిపోతుంది.

రాయి కూడా అరుగుతుంది. మధ్యలో గుంత పడితే వాదర సూటితనం పోతుంది. జల్లెడ పట్టిన ఇసుకను నల్లరాతి బండ మీద పరిచి, నీళ్ళు చల్లి, రాయిని బోర్లించి రుద్ది చదును చేసేవాళ్ళం. ఇది వానాకాలపు పని.

తాతకు రెండు రకాల కత్తులు ఉండేవి. ఒకటి మా కమ్మరి చేసిచ్చినది, మందంగా, బరువుగా, పక్కలు చదునుగా. రెండోది మద్రాసు మూర్ మార్కెట్లో పాత సామాన్ల మధ్య కొన్న జర్మనీ కత్తి, వాదర మొదట్లో సోలింగెన్ ముద్ర. దాని పక్కలు లోపలికి తవ్వి ఉంటాయి, వాదర దగ్గర రేకు పలచబడిపోయి గోటితో నొక్కితే వంగి కనబడుతుంది. నెల్లూరు నుంచి మద్రాసుకు రైలు ఉన్నందువల్ల మావాళ్ళలో చాలామందికి మూర్ మార్కెట్ పరిచయమే. 1985లో అది కాలిపోయిందని తెలిసిన రోజు మా నాయన పొద్దంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

కమ్మరి కత్తి పట్టపుపాళేల్లోని జాలర్ల కోసం. వేట నుంచి వచ్చిన మనిషి గెడ్డంలో ఉప్పు ఎండి ఉంటుంది. అలాగే గీస్తే వాదర పెచ్చులూడుతుంది. ముందు తీపి నీళ్ళతో రెండు సార్లు కడగాలి, వేడి నీళ్ళలో ముంచి పిండిన గుడ్డ వెయ్యాలి, సబ్బు నురగ రాసి ఒక చుట్ట కాల్చుకునే సేపు ఆగాలి. వేట నిషేధం వచ్చాక, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, ఆ 61 రోజులూ వాళ్ళు తీరిగ్గా వస్తారు. "నిదానంగా కానీ మామా, సముద్రం యాడికీ పోదులే" అంటారు. మిగతా కాలంలో తెల్లవారుజామున పడవ ఎక్కేలోపు గీసెయ్యాలి.

గట్టి గెడ్డం ఇనుమును ఎలా పాడుచేస్తుందో 2020లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు సూక్ష్మదర్శిని కింద చూసి సైన్స్ పత్రికలో రాశారు. ఇనుము కంటే ఎన్నో రెట్లు మెత్తనిదైన వెంట్రుక వాదరను ఊరికే అరగదీసి వదలదు, కొన్నిచోట్ల పెచ్చులూడగొడుతుంది. వెంట్రుక వంగినప్పుడు, ఇనుము లోపలి నిర్మాణం ఒకచోట ఒకలా ఉన్నప్పుడు ఆ పెచ్చులు లేస్తాయి. పేపర్లో అది చదివి నాకు సంతోషం వేసింది. చర్మాన్ని వేలితో బిగించి పట్టాలని, వెంట్రుకను దాని మొదట్లోనే కొయ్యాలని మా నాయన ఎందుకు అంత పట్టుబట్టేవాడో అందులో ఉంది.

జర్మనీ కత్తి మిగతావాళ్ళ ముఖాలకూ, పసిపిల్లల తలలకూ. పుట్టు వెంట్రుకలు తీసేటప్పుడు బిడ్డ మేనమామ ఒడిలో ఉంటుంది, గుక్కపట్టి ఏడుస్తుంది, తల తిప్పుతుంది. నడినెత్తిన మాడు ఇంకా మెత్తగానే ఉంటుంది. అక్కడ చెయ్యి మోపడానికి లేదు. మోపకుండా కోసేది బాగా నూరిన కత్తి ఒక్కటే. పదును ఎక్కువైతే ప్రమాదం అనుకునే తల్లులకు నేను చెప్పేది, ప్రమాదమంతా మొద్దు కత్తిలోనే ఉంది, మొద్దు కత్తి పట్టినవాడు నొక్కుతాడు. తిరుమలకో, పెంచలకోనకో, గొలగమూడికో మొక్కుకున్నవాళ్ళు అక్కడికే పోతారు. మొక్కు లేని పిల్లలు మా చేతిలో గుండు చేయించుకునేవాళ్ళు.

చావు క్షౌరం కాలవ గట్టున. బకింగ్‌హామ్ కాలవ నీళ్ళు, పొద్దుటి చలి, కొడుకులు వరసగా కూచుంటారు. ఏడ్చి ఏడ్చి వణుకుతున్న మనిషి తలమీద కత్తి పెట్టడం చాలా కష్టమైన పని. ముందురోజు రాత్రి నాయన రెండు కత్తులూ నూరేవాడు, ఆ రాత్రి మాత్రం నన్ను రాయి ముట్టనిచ్చేవాడు కాదు.

సముద్రం గాలి కత్తికి శత్రువు. గీసిన ప్రతిసారీ తుడిచి, ఆముదం పూసి, గుడ్డలో చుట్టాలి. 1984 నవంబరు తుపానులో మా ఇంటి కప్పు లేచిపోయింది. పొది నీళ్ళలో నానింది. బయటికి తీసే సరికి కత్తుల మీద తుప్పు గుంతలు. తుప్పు గుంత వాదర దాకా వస్తే, ఆ గుంత పోయేదాకా ఇనుము తియ్యాలి, వేరే మార్గం లేదు. నాయన ముందు గరుకు ఇసుక రాయి మీద, తర్వాత పలక రాయి మీద ఒక్కో కత్తిని మళ్ళీ బతికించుకున్నాడు. ఒకటి మటుకు సన్నబడి పనికిరాకుండా పోయింది. అప్పట్లో సైకిలు చక్రంతో సాన తిప్పుతూ వచ్చే మనిషికి ఇస్తే చిటికెలో అయ్యేది కదా అని నేనన్నాను. ఆయన ఒప్పుకోలేదు. కురుందం పొడిని లక్కతో కలిపి చేసిన సానచక్రాలు ఈ దేశంలో పాతవే. కొడవళ్ళకు, కత్తిపీటలకు అవి చాలు. గెడ్డం కత్తి వాదర చక్రం మీద క్షణంలో వేడెక్కి నీలం రంగుకు తిరుగుతుంది. అంతటితో ఇనుములో ఉన్న గట్టిదనం పోతుంది. ఆ తర్వాత ఎంత నూరినా పదును నిలవదు. తాటిచెట్టు గీసే మా ఊరి గీతగాళ్ళు కూడా చక్రం జోలికి పోరు. చెక్క మీద తెల్ల పలుగురాతి పొడి చల్లి నూరుకుంటారు. గెల చివర రేకంత పలచగా చెక్కాల్సిన కత్తి అది, మా కత్తికి వరసకు తమ్ముడు.

ఈ కత్తులను నేను జనం ముఖాల మీద వాడటం మానేసి చాలా కాలమైంది. మన దేశంలో హెచ్‌ఐవీని మొదట గుర్తించింది 1986లో, మాకు దగ్గరే ఉన్న మద్రాసులో. తొంభైల్లో ఊరూరా ప్రచారం జరిగింది, క్షవరానికి ప్రతి మనిషికీ కొత్త బ్లేడు అడగమన్నారు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కూడా కనీసం 7 రోజులు బతకగలదు. డెట్టాల్లో ముంచాం, పటిక రుద్దాం అన్న మాటలు దాని ముందు నిలబడవు. టోపాజో, సెవెన్ ఓక్లాకో, బ్లేడును సగానికి విరిచి పిడిలో పెట్టి, పని కాగానే పారెయ్యడం సరైన పద్ధతి. కొందరు పెద్దవాళ్ళు పాత కత్తే కావాలని పట్టుబట్టారు. వాళ్ళ కత్తిని వాళ్ళే కొనుక్కుని ఇంట్లో పెట్టుకుంటే వచ్చి నూరి గీస్తానన్నాను. అలాంటి కత్తులు ఇప్పటికీ కొన్ని నా దగ్గరికి నూరుడుకు వస్తాయి.

మా దగ్గరి కుర్రాడు ఒకడిది బెల్జియంలో ఉద్యోగం. వాడు సెలవుల్లో వస్తూ నాకో చిన్న రాయి తెచ్చాడు, పాలమీగడ రంగు. ఆర్డెన్ కొండల్లో దొరికే కోటిక్యూల్ అంటారంట. అందులో కోసేవి అభ్రకంలో పొదిగిన సన్నటి గార్నెట్ రేణువులు. మా ప్రాంతంలో గూడూరు, సైదాపురం వైపు తరాల తరబడి అభ్రకం తవ్వినవాళ్ళం మేము, అంత దూరాన అదే అభ్రకం మధ్యన కత్తులు నూరే రాయి పుట్టిందంటే నాకు భలే అనిపించింది. అమెరికాలో ఆర్కాన్సా రాయి, జర్మనీలో తురింగియా పలక రాయి, జపాన్లో క్యోటో కొండల రాయి, ఇవన్నీ ఎవరి ఊళ్ళో వాళ్ళ చేతికి అందినవే. తురింగియాది కూడా పలక రాయే అని విన్నప్పుడు మా తాత కుప్పలు వెతికిన తీరు కళ్ళకు కట్టింది. ఆయనకు ఎవరూ చెప్పలేదు, తడిపి గోటితో గీసి చూసి పట్టుకున్నాడు. బెల్జియం రాయి తొందరగా కోస్తుంది, నిజమే. ఆఖరి పదునుకు నేను మళ్ళీ మా నల్లదాని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు కొట్లో ఇద్దరు కుర్రాళ్ళు నేర్చుకుంటున్నారు. వాళ్ళకు కావలసింది మెషిన్, ఫేడ్ కటింగ్, గెడ్డానికి గీతలు. అవి ఫోన్లో చూసే నేర్చుకుంటారు, నాకంటే బాగా చేస్తారు. నేను వాళ్ళ చేత రాయి పట్టిస్తున్నాను. సగం బ్లేడు చాలా పలచన, చెయ్యి బరువును అది ఏమాత్రం దాచదు. ముఖం మీద కోతలు పడేది బ్లేడు వల్ల కాదు, నొక్కడం వల్ల. నొక్కే చేతిని మనిషి చర్మం మీద దిద్దడం కంటే రాతి మీద దిద్దడం మంచిది. రాయి చేతిలో ఉన్నప్పుడు వాళ్ళ తప్పు వాళ్ళ ఎడమ చేతికే తెలుస్తుంది, నేను అరవాల్సిన పని ఉండదు. క్షవరం నేర్పే శిక్షణ కేంద్రాల్లో ఒక్క వారమైనా ఇది పెట్టాలని నా కోరిక. ఖర్చు ఏముంది, ఒక పలక ముక్క, ఒక పాత కత్తి.

ఇద్దరిలో చిన్నవాడిది తేలిక చెయ్యి. తేట నీళ్ళ దాకా వచ్చేశాడు. పెద్దవాడు పిడి వైపు బాగానే పోనిస్తాడు, మొన దగ్గరికి వచ్చేసరికి మణికట్టు బిగుసుకుంటుంది, అక్కడ వాదర గుండ్రబడుతోంది. మంగళవారం కొట్టు సెలవు, ఆ పొద్దున వాడితో మళ్ళీ కూచోవాలి, ఈసారి కమ్మరి కత్తి ఇచ్చి.